పచ్చ బటన్ మీది మాట

అతను పోయాడని నాకు చెప్పినవాడు ఒక లారీ డ్రైవరు. ఆర్సీ కాగితం లామినేషన్ చేయించుకోవడానికి మా షాపుకొచ్చి, కాగితం మెషీన్లోకి వెళ్తుండగా మధ్యలో చెప్పాడు.

"నీ షాపులో ఆ మూల కూచునేవోడు చూడన్నా, కంప్యూటరబ్బాయి. పోయాడంట. పిడుగురాళ్ళ కాడ సున్నం మిల్లులో కాటా రాసేవోడు గదా. కుర్చీలో కూచున్నోడు కూచున్నట్టే ఒరిగిపోయాడంట."

"అయ్యో" అన్నాను. "జిరాక్సు కూడా కావాలా?" అని అడిగాను. నా నోట్లోంచి వచ్చిన మాటలు అవే. డ్రైవరు వెళ్ళిపోయాక మెషీను ఆపేసి కూర్చున్నాను. ఆ రోజు ఇంక ఏ పనీ చేయబుద్ధి కాలేదు. అతనికి నలభై ఏళ్ళు కూడా రాలేదు.

మా షాపు నరసరావుపేటలో కోర్టు ఎదురు సందులో ఉంది. దరఖాస్తులు, అఫిడవిట్లు, పెళ్ళికార్డులు, వర్ధంతి ఫ్లెక్సీలు, ఏది కావాలన్నా తెలుగులో కొట్టి ఇస్తాను. ఇరవై ఏళ్ళుగా ఈ సందుకు తెలుగు అంటే నేనే. ప్లీడరు గుమాస్తాలు సైతం ఒత్తు ఎక్కడ పెట్టాలో నన్నడిగి పెట్టుకుంటారు. గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి. ఈ గొప్పే తర్వాత ఏం చేసిందో చెప్పడానికి ముందుగా చెప్తున్నాను.

అతను హైదరాబాదులో ఏడేళ్ళు వెబ్ డెవలపరుగా చేసి, ఒకరోజు సంచి భుజాన వేసుకుని వచ్చి మా షాపు ముందు నిలబడ్డాడు. "అన్నా, ఆ మూల బల్ల ఖాళీగా ఉంది గదా. నీ కంప్యూటర్లకి ఏ రోగం వచ్చినా నేను చూసుకుంటా, నన్ను ఆడ కూచోనీ" అన్నాడు. మంచి బేరమే అనిపించి సరేనన్నాను. ఉద్యోగం ఎందుకు మానేశావయ్యా అంటే నవ్వాడు.

"ఆరు నెలలు ఒకటే బటన్ రంగు మార్చా. నీలం పెట్టమన్నారు. పెట్టా. ఇంకొంచెం నీలం అన్నారు. పెట్టా. దాన్ని నొక్కేదెవరో నాకు తెలవదు, వాళ్ళకీ తెలవదు. నొక్కేవాళ్ళ ఎదురుగా కూచుని పని చేసుకుందామని వచ్చా."

వాళ్ళ నాన్న నాపరాతి క్వారీలో పనిచేసి, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై చనిపోయాడట. వాళ్ళమ్మ మిరపకాయలకు తొడిమలు తీసి చదివించిందట. ఇవి అతను కూర్చోబెట్టి చెప్పిన సంగతులు కావు. మాటల మధ్యలో రాలినవి ఏరుకున్నాను.

మనిషి సన్నగా, ఎప్పుడూ చొక్కా బయటికి వదిలి ఉండేవాడు. ఎవరు ఫోను చేతికిచ్చినా ముందు ఆ చొక్కా అంచుతో అద్దం తుడిచి, ఆ తర్వాతే చూసేవాడు. జిడ్డు ఉన్నా తుడిచేవాడు, లేకపోయినా తుడిచేవాడు. ఎదుటివాడు "నా ఫోను అంత మురిగ్గా ఉందా అబ్బాయ్" అని చిన్నబుచ్చుకుంటే, "నా కళ్ళు మురికి బాబాయ్" అనేవాడు. కిరాణా కొట్లలో ఉండే పొడుగాటి అట్ట పుస్తకం ఒకటి ఎప్పుడూ చంకలో ఉండేది. కంప్యూటరు మనిషికి ఈ పుస్తకమేమిటని గుమాస్తాలు ఏడిపించేవాళ్ళు.

ఆ పుస్తకమే అతని పనితనమంతా. ఏ షాపుకు సాఫ్ట్‌వేరు చేయాలన్నా ముందు వారం రోజులు అక్కడ స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. వాళ్ళు పని చేసుకుంటూ ఏ మాట అంటే ఆ మాట పుస్తకంలో ఎక్కించేవాడు. తర్వాత ఆ మాటలే బటన్ల మీద పెట్టేవాడు.

"అడిగితే మనోళ్ళు మర్యాద తెలుగు మాట్లాడతారన్నా. అడక్కుండా కూచుంటే వాళ్ళ తెలుగు బయటికొచ్చిద్ది" అనేవాడు.

మొదటిది దర్జీల కోసం చేశాడు. ఎవరి కొలతలు వాళ్ళ పేరు కింద ఉంటాయి, అంతే. అందులో 'పెరిగే పిల్లోడు' అని ఒక బటన్ ఉండేది. అది నొక్కితే ప్యాంటు పొడుగుకు రెండంగుళాలు కలిసేది. మసీదు సందులో ఉండే ముసలి దర్జీ ఒకాయన దాన్ని చూసి పగలబడి నవ్వి, "ఇది నా మాటే, నా నోట్లోంచి కొట్టేశావు గదరా" అన్నాడు. నెల తిరక్కుండా చిలకలూరిపేట దర్జీల దాకా పాకింది. రెండోది క్వారీ లారీల వంతు చూపించేది. ముందు ఏ లారీ, వెనక ఏ లారీ అన్నది ఎవరి ఫోనులో వాళ్ళకు కనిపిస్తుంది. అందులో బటన్లు మూడే: 'వచ్చా', 'ఎక్కించా', 'వద్దులే'. ఇంకో పని కూడా కలపమని యూనియన్ వాళ్ళు అడిగితే కలపలేదు. "ఇది ఒక్క పనే చేసిద్ది. రెండో పనికి రెండోది చేసిస్తా" అన్నాడు.

మూడేళ్ళలో అలాంటివి ఐదు చేశాడు. మాచర్ల నుంచి కూడా ఫోన్లు వచ్చేవి. నేనే విజిటింగ్ కార్డు వేసిస్తానన్నాను. పేరు కింద ఏం పెట్టమంటావు, ప్రొప్రైటరా, మేనేజింగ్ డైరెక్టరా అని అడిగితే, "'ఇచ్చట చిన్న సాఫ్ట్‌వేర్లు చేయబడును' అని వెయ్యన్నా, పంక్చరు షాపు బోర్డుకు మల్లే" అన్నాడు. అలాగే వేశాను. ఆ కార్డు చూసి నవ్వనివాడు లేడు, దాచుకోనివాడూ లేడు.

ఇక నా సంగతి. మొదట్లో అతని బటన్లకు నేనే మాటలు ఇద్దామనుకున్నాను. కష్టపడి ఒక కాగితం నిండా రాసిచ్చాను. సమర్పించు, రద్దుచేయి, తొలగించు, శోధించు. అతను ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక్కటీ వాడలేదు. సమర్పించు ఉండాల్సిన చోట 'ఇచ్చెయ్' అని పెట్టాడు. తొలగించు ఉండాల్సిన చోట 'తీసెయ్'. ఒకరోజు గుమాస్తాలు నలుగురూ టీ తాగుతుండగా దాని మీద మాట వచ్చింది. అన్న రాసిచ్చిన తెలుగు ఎందుకు పెట్టలేదోయ్ అని ఒకడు గిల్లాడు.

"అన్న తెలుగు చదవాలంటే చెప్పులు బయట విడిచి లోపలికి రావాల. మన లారీవోళ్ళకి అంత టైము యాడిదీ?" అన్నాడు అతను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను ప్రేమగానే అన్నాడు, ఆ సంగతి నాకప్పుడూ తెలుసు. కానీ అన్నేళ్ళుగా నేను కూర్చున్న పీట కిందనుంచి లాగేసినట్టయింది. ఇంటికెళ్ళి కూడా ఆ మాటే నమిలాను. అంత చిన్న మాటకి అంత పెద్ద మనిషినై అలా అయ్యానంటే ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే అతను పాము మందు పని మొదలుపెట్టాడు. వాళ్ళ పెదనాన్న కొడుకు చిన్నప్పుడు పత్తి చేలో పాము కరిచి, మూడు ఆసుపత్రులు తిప్పినా చనిపోయాడట. రెండుచోట్ల మందు లేదు, మూడోచోట మందు ఉంది గానీ అప్పటికి పిల్లవాడు లేడు. ఏ ఆసుపత్రిలో మందు ఉందో, ఎక్కడ లేదో ఫోనులో చూపిస్తే చాలు కదా అని అతని ఆలోచన. ఆసుపత్రులవాళ్ళు రోజూ ఒక బటన్ నొక్కాలి. చూసేవాళ్ళకి ఆ ఊరి పేరు పక్కన పచ్చ చుక్కో, పసుపు చుక్కో, ఎర్ర చుక్కో కనిపిస్తుంది. ఇది మాత్రం ఊరికే ఇస్తానన్నాడు.

అలవాటు ప్రకారం స్టూలు వేసుకుని వారం రోజులు కూర్చున్నాడు. క్రోసూరు వైపు ఒక పల్లెటూళ్ళో ముసలి డాక్టరు గారి ఆసుపత్రి. అక్కడ మందుల గది డాక్టరు గారి భార్య చూసుకునేది. నిదానమైన మనిషి, అందరూ డాక్టరమ్మా అంటారు. కాంపౌండరు లోపల్నుంచి "అమ్మా, సెలైన్లు ఎట్టా ఉన్నయ్?" అని కేకేస్తే, ఆమె తాపీగా "నిండుకున్నాయి" అని జవాబు చెప్పిందట. అంత తాపీగా చెప్పిన మాటకు అర్థం లేవని అతనికెలా తోస్తుంది? పుస్తకంలో ఎక్కించుకున్నాడు.

ఒకరోజు పొద్దున్నే లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. "అన్నా, ఒకసారి చూడు."

మూడు బటన్లు. పచ్చది: 'నిండుకుంది'. పసుపుది: 'తక్కువుంది'. ఎర్రది: 'లేదు'.

చూడగానే నాకు తెలిసిపోయింది. మా ఇంట్లో బియ్యం అయిపోయినా, దీపం నూనె అయిపోయినా, కుంకుమ అయిపోయినా మా అమ్మ నిండుకుంది అనే అనేది. లేవు అనే మాట ఆ ఇంట్లో పలక్కూడదు. ఆ మాట పచ్చ బటన్ మీద, మందు నిండుగా ఉందన్న అర్థంలో కూర్చుని ఉంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వాను. జనం తెలుగు జనం తెలుగు అంటావు కదా నాయనా, ఇదిగో జనం తెలుగు, అనుకున్నాను. నాలుగు రోజులు పోతే ఎవరో ఒకరు పట్టుకుని ఏడిపిస్తారు, టీల దగ్గర నేనూ ఒక మాట వేస్తాను, మార్చుకుంటాడు, అంతే కదా అనుకున్నాను. చెప్పలేదు. ముందున్న పెళ్ళికార్డు ప్రూఫులోకి తల దించుకున్నాను. సాయంత్రానికల్లా ఆ సంగతే మర్చిపోయాను. చెప్పకపోవడం కన్నా మర్చిపోవడమే నాకిప్పుడు ఎక్కువ బాధగా ఉంది.

మూడు నెలలు ఏ గొడవా రాలేదు. మిగతా ఆసుపత్రుల్లో బటన్ నొక్కేవాళ్ళు కుర్రవాళ్ళు. వాళ్ళు మాట చదవలేదు, రంగు చూసి నొక్కారు. మందు లేకపోతే ఎర్రది, ఉంటే పచ్చది. డాక్టరమ్మ ఒక్కతే మాట చదివి నొక్కింది. ఆమె దగ్గర మందు ఉన్నన్నాళ్ళు తక్కువుంది అనే నొక్కేది, ఎప్పుడూ ఒకటో రెండో సీసాలే కాబట్టి. అవి కూడా అయిపోయిన రోజున పచ్చది నొక్కింది.

ఆ వారంలోనే పత్తి తీస్తున్న కూలి మనిషి ఒకామెను పాము కరిచింది. భర్త ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని సత్తెనపల్లి బయల్దేరాడు. దారిలో తమ్ముడు ఫోను చేసి, సత్తెనపల్లి దాకా అక్కర్లేదు, పక్క ఊళ్ళోనే మందుంది, పచ్చగా ఉంది అన్నాడు. బండి అటు తిప్పాడు. అక్కడికి వెళ్ళాక మందు లేదు. మళ్ళీ సత్తెనపల్లి రోడ్డెక్కేలోపు ఆమె ప్రాణం పోయింది.

మూడో రోజు ఆ భర్త మా షాపుకొచ్చాడు. నేను చూస్తూనే ఉన్నాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నువ్వు చేసిందేనంట గదా అబ్బాయ్. చూడు. ఇప్పటికీ పచ్చగానే ఉంది."

మావాడు ఫోను అందుకుని చొక్కా అంచుతో తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు. ఆ చుక్క రంగు మారుతుందేమోనన్నట్టు ఎంతసేపు తుడిచాడో చెప్పలేను. తర్వాత లేచి, ఆ మనిషిని తన కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, డాక్టరమ్మ ఊరికి బయల్దేరాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చాడు. ఆమె ఏమందో తర్వాత చెప్పాడు. "నిండుకుందనే గదయ్యా నొక్కాను. ఆసుపత్రి పెట్టుకుని మందు లేదు అని వేలితోనైనా అంటామా?" అందట. ఆమె కూడా ఏడ్చిందట.

తన బల్ల దగ్గర కూర్చుని అట్ట పుస్తకం తెరిచి, ఆ మాట రాసుకున్న పేజీ తీశాడు. షాపులో మేమిద్దరమే ఉన్నాం.

"అన్నా, నిండుకుంది అంటే ఏంది?"

"అయిపోయింది అని" అన్నాను.

"అయిపోతే అయిపోయింది అనొచ్చు గదా?"

"ఇంట్లో ఉండి తీరాల్సినవాటిని లేవు అనకూడదని, అట్లా తిప్పి అంటారు. బియ్యం, నూనె, పసుపు, కుంకుమ."

"మా ఇంట్లో బియ్యం అయిపోతే మా అమ్మ డబ్బా బోర్లించి చూపించేదన్నా. 'అయిపోయినయ్ రా, నీళ్ళు తాగి పడుకో' అనేది. డబ్బా నిండుగా ఉండే ఇళ్ళల్లోనే ఇట్టాంటి మాటలు పుడతాయేమో. ఈ మాట నేను ఏ రోజూ ఇనలేదు" అన్నాడు. ఆ తర్వాత, "అడగలేదు నేను. ఒక్కసారి, ఒక్కళ్ళని అడిగితే పోయేది. నా తప్పే" అన్నాడు.

అప్పుడు నేను నోరు తెరవాలి. ఆ మాట నేను చూశానయ్యా, నాకు తెలిసే ఊరుకున్నాను అని చెప్పాలి. నాలుగు మాటలు. అతను నావైపు తిరిగి కూర్చుని ఉన్నాడు, నేను కీబోర్డు వైపు చూస్తున్నాను.

ఆ సాయంత్రమే దాన్ని ఆపేశాడు. మర్నాడు ఆ కూలివాళ్ళ ఇంటికి వెళ్ళి, జనం అందరి ముందు తప్పు నాది అని ఒప్పుకున్నాడు. డాక్టరమ్మ పేరు గానీ, ఆ మాట సంగతి గానీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఊరు ఆమెను పట్టుకునేది. ఎత్తలేదు కాబట్టి ఇతన్ని పట్టుకుంది. లారీ యూనియన్ వాళ్ళు "మనిషిని చంపిన చేత్తో చేసింది మాకెందుకు" అని వంతు సాఫ్ట్‌వేరు తీసేశారు. ఈ మాట అన్న పెద్దమనిషి లారీయే అంతకుముందు ఇద్దరిని గుద్దింది, ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. దర్జీలు ఒక్కొక్కరే మానుకున్నారు. పెరిగే పిల్లోడు అని చూసి నవ్విన ముసలాయన కూడా "మా అబ్బాయి ఇంకోటి ఎక్కించాడయ్యా" అన్నాడట. ఏడాది తిరిగేసరికి అతను బల్ల ఖాళీ చేసి, సున్నం మిల్లులో కాటా దగ్గర చేరాడు. ఎవరో చేసిన సాఫ్ట్‌వేరులో, ఇంగ్లీషులో, లారీల నంబర్లు కొట్టుకుంటూ నాలుగేళ్ళు బతికాడు. నేను ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. పిడుగురాళ్ళ ఎంత దూరమని?

ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఎక్కడో తయారైన తెలుగు ఉంది. సమర్పించు, రద్దుచేయి, తొలగించు. జనం అర్థం కాకపోయినా రంగు చూసి నొక్కుతున్నారు. నా తెలుగే గెలిచింది.

మొన్న మంగళవారం వాళ్ళమ్మ షాపుకొచ్చింది. ఆమెను నేను అంతకుముందు చూడలేదు. చెప్పులు మెట్ల కింద విడవబోతే వద్దమ్మా అని లోపలికి పిలిచాను. జ్ఞాపకార్థ కూడికకి కార్డు కావాలంది. పాస్టరు గారు రాసిచ్చిన కాగితం, ఒక ఫోటో బల్ల మీద పెట్టి, నా మొహంలోకి చూసింది.

"వాడు అన్నా అన్నా అనేది నిన్నేనా నాయనా? వాడు చానా చెప్పేవోడు నీ గురించి."

నేను కాగితం మీద ఉన్నది టైపు చేయడం మొదలుపెట్టాను. ఆమె ఆపలేదు.

"ఆ పాము మందుది ముందు నీకే చూపించాడంట గదా. ఆ రోజు ఇంటికొచ్చి కూడు కూడా తినకుండా చెప్పాడు నాయనా. 'అన్నకి చూపించానమ్మా. నోరు తెరిచి ఏమీ అనలేదు గానీ, చూసి నవ్వాడు. ఇన్నాళ్ళకి నా తెలుగు చూసి నవ్వాడు. అన్న నవ్వాడంటే ఇంక భయం లేదు, రేపే వదిలేస్తా' అన్నాడు. ఇల్లంతా తిరిగాడు పిల్లోడికి మల్లే."

నా వేళ్ళు ఆగిపోయాయి. అతను అడగలేదన్నది నిజం కాదు. అడిగాడు. నన్నే అడిగాడు. నేను జవాబు కూడా చెప్పాను.

"తర్వాత ఏం చెడిందో వాడు నాకు చెప్పలా. అడిగితే నా తప్పేనమ్మా అనేవోడు." ఆమె బల్ల అంచు పట్టుకుని కొంచెం ముందుకు వంగింది. "నువ్వు చదువుకున్నోడివి, నీకు తెలిసిద్ది. నువ్వు చూసినప్పుడు బాగానే ఉంది గదా నాయనా? మా వోడు బాగానే చేశాడు గదా?"

"బాగుందమ్మా" అన్నాను. "బాగుందనే నవ్వాను."